ఎస్‌జీ ఐరన్‌ని ఏడీఐగా మార్చడం ఎలా: స్క్రాప్ కుప్ప నుంచి సాల్ట్ బాత్ దాకా

విజయవాడ ఆటోనగర్‌లో కాస్టింగులు పోసేవాళ్ళూ, గుంటూరు వైపు వ్యవసాయ పనిముట్లు చేసేవాళ్ళూ కొంతకాలంగా ఒకటే అడుగుతున్నారు: "ఎస్‌జీ ఐరన్‌ని హీట్ ట్రీట్ చేస్తే ఫోర్జింగ్‌తో పోటీ పడుతుందట కదా, ఎన్ని డిగ్రీలు పెట్టాలి, ఎంతసేపు ఉంచాలి?"

ఫోర్జింగ్ అంటే వేడి స్టీల్‌ని కొట్టి చేసిన భాగం, దానితో పోటీ పడేలా హీట్ ట్రీట్ చేసిన ఎస్‌జీ ఐరన్‌ని ఏడీఐ అంటారు. డిగ్రీలూ గంటలూ కింద ఉన్నాయి. కానీ అవి చివర్లో అడగాల్సిన ప్రశ్నలు. చెడిపోయిన ఏడీఐ బ్యాచుల్ని వెనక్కి తవ్వుకుంటూ పోతే ఎక్కువసార్లు తేలేది హీట్ ట్రీట్‌మెంట్ దగ్గర కాదు, స్క్రాప్ కుప్ప దగ్గర. అందుకే ఈ గైడ్‌లో సగం కొలిమి తలుపు తెరవకముందు చేయాల్సిన పనే.

ఏడీఐ అంటే ఆస్టెంపర్ చేసిన డక్టైల్ ఐరన్. ఎస్‌జీ ఐరన్‌కే డక్టైల్ ఐరన్ అని ఇంకో పేరు. మెగ్నీషియం ట్రీట్‌మెంట్‌తో గ్రాఫైట్‌ని గుండ్రటి నాడ్యూల్స్‌గా మార్చిన ఇనుమును 900 డిగ్రీల దాకా వేడి చేసి, 250–400 డిగ్రీల మధ్య ఉన్న సాల్ట్ బాత్‌లో (కరిగిన ఉప్పు తొట్టిలో) ముంచి, అక్కడే పట్టి ఉంచుతాం. ఈ గైడ్‌లో డిగ్రీలన్నీ సెల్సియస్. ఉదాహరణకి లారీ కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) బిగించే బ్రాకెట్‌ని తీసుకుంటున్నాను: బరువు 6 కిలోలు, మందం 12 నుంచి 25 మి.మీ.

## 1. ముందు గ్రేడ్ తేల్చుకోండి

గ్రేడ్ తెలిస్తేనే బాత్ ఉష్ణోగ్రత తెలుస్తుంది, మందం తెలిస్తేనే ఏ మిశ్రమ లోహం ఎంత కలపాలో తెలుస్తుంది. ఏఎస్‌టీఎం ఏ897ఎం ప్రమాణంలో గ్రేడ్ పేరులోనే మూడు అంకెలుంటాయి: టెన్సైల్ బలం (తెగేదాకా లాగితే తట్టుకునేది), యీల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే చోటు; రెండూ మెగాపాస్కల్స్‌లో), సాగుదల శాతం. వాటి పక్కన బ్రినెల్ హార్డ్‌నెస్ (గట్టిదనం కొలత), బాత్‌ని ఎక్కడ మొదలుపెట్టాలో సుమారు అంకె:

- 900-650-09: 269–341 బ్రినెల్, బాత్ 370–380
- 1050-750-07: 302–375 బ్రినెల్, బాత్ 350–360
- 1200-850-04: 341–444 బ్రినెల్, బాత్ 320–330
- 1400-1100-02: 388–477 బ్రినెల్, బాత్ 290–300
- 1600-1300-01: 402–512 బ్రినెల్, బాత్ 260–270

మన ఐఎస్ 1865లోని ఎస్‌జీ 500/7 కి బలం 500, సాగుదల 7 శాతం. ఏడీఐ 1050 గ్రేడ్‌కీ సాగుదల అదే 7 శాతం, బలం మాత్రం రెట్టింపు పైనే.

బ్రాకెట్, హబ్, లివర్ లాంటి దెబ్బలు తినే భాగాలకి 900 గానీ 1050 గానీ చాలు. మట్టిలో అరిగే కల్టివేటర్ పార, రాయి తగిలే పళ్ళు అయితే 1400 వైపు వెళ్ళండి. కస్టమర్ "ఉన్నవాటిలో గట్టిది ఇవ్వండి" అంటాడు, వినకండి. గట్టిదనం పెరిగేకొద్దీ విరిగే గుణమూ పెరుగుతుంది, విరిగింది మాత్రం మీ గేటు దగ్గరికే తిరిగి వస్తుంది.

డిజైన్ విషయంలో ఒక హెచ్చరిక. ఏడీఐ బలంలో స్టీల్‌తో తూగుతుంది గానీ వంగకుండా నిలిచే బిగువులో తూగదు. స్టీల్‌కి ఎలాస్టిక్ మాడ్యులస్ 205 గిగాపాస్కల్స్ అయితే, దీనికి 160 చుట్టుపక్కలే. ఫోర్జింగ్ డ్రాయింగ్‌ని అలాగే కాపీ కొడితే బ్రాకెట్ విరగదు, కానీ ఎక్కువ వంగుతుంది. రిబ్ వేయండి. కాస్టింగ్‌కి రిబ్ ఖర్చు దాదాపు లేనట్టే, పైగా ఈ ఇనుము స్టీల్ కంటే 10 శాతం దాకా తేలిక.

## 2. స్క్రాప్ కుప్ప దగ్గర

ఆటోనగర్‌లో చవగ్గా, కుప్పలుగా దొరికే స్క్రాప్ పాత కమాన్ కట్టలు. ఏడీఐకి అన్నిటికంటే ప్రమాదకరమైన స్క్రాప్ కూడా అదే.

కట్టల స్టీల్‌లో మాంగనీస్ 0.8 శాతం దాకా, చాలా రకాల్లో క్రోమియం కూడా అంతే ఉంటుంది. చార్జ్‌లో (కొలిమిలో కరిగించే సరుకులో) 40 శాతం కట్టలు వేశారనుకోండి. వాటి నుంచే కరిగిన ఇనుములోకి 0.32 శాతం క్రోమియం, మరో 0.32 శాతం మాంగనీస్ చేరతాయి. ఏడీఐకి క్రోమియం 0.10 దాటకూడదు, 0.05 లోపు ఉంటే ఇంకా మంచిది. క్రోమియం కార్బైడ్‌లు (కార్బన్‌తో కలిసిన గట్టి, పెళుసు కణాలు) కడుతుంది, ఆ కార్బైడ్‌లు 900 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచినా కరగవు.

మాంగనీస్ చేసే హాని కంటికి కనపడదు. ఇనుము గడ్డకట్టేటప్పుడు అది చివరగా గడ్డకట్టే చోట, అంటే నాడ్యూల్స్‌కి మధ్య హద్దుల్లో పోగవుతుంది. స్పెక్ట్రోలో (లోహంలో ఏది ఎంతుందో చూపే యంత్రంలో) సగటున 0.4 చూపించినా హద్దుల్లో దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. అక్కడ బాత్‌లో జరగాల్సిన మార్పు ఆలస్యమై, చల్లారాక మార్టెన్‌సైట్ అనే పెళుసు నిర్మాణంగా మిగిలిపోతుంది. 8వ మెట్టులో వచ్చే తలనొప్పికి బీజం పడేది ఇక్కడే.

చార్జ్ చెక్‌లిస్ట్:

- ఎస్‌జీ గ్రేడ్ పిగ్ ఐరన్: మాంగనీస్, భాస్వరం, గంధకం తక్కువ అని సర్టిఫికెట్ ఉన్నదే.
- స్టీల్ వంతుకి ప్రెస్ షాపుల్లో మిగిలే సీఆర్‌సీ (కోల్డ్ రోల్డ్) షీటు ముక్కలు. జింకు పూత ఉన్నవి వద్దు.
- కట్టలు, యాక్సిల్‌లు, రైలు పట్టాలు, రీబార్ వేరే కుప్పలో. రంగు వేసి వేరు చేయండి, రాత్రి షిఫ్ట్‌లో పార పట్టుకున్నవాడికి కూడా తేడా తెలియాలి.
- సొంత రన్నర్లు, రైజర్లు (పోత దారుల్లో మిగిలిన ఇనుము) వాడొచ్చు, ఇసుక వదిలించి. గ్రే ఐరన్ రిటర్న్స్ మాత్రం కలపొద్దు.
- రాగికి శుభ్రమైన ఎలక్ట్రోలైటిక్ రాగి. మోటార్ రివైండింగ్ షాపుల వైరు చవకే, కానీ టంకం సీసం కలిసి వస్తే కొంచెమైనా గ్రాఫైట్ ఆకారాన్ని పాడుచేస్తుంది.

## 3. కెమిస్ట్రీ

25 మి.మీ. లోపు మందానికి గురి ఇలా పెట్టుకోండి (అన్నీ శాతాల్లో):

- కార్బన్ 3.5–3.7
- సిలికాన్ 2.4–2.6
- మాంగనీస్ 0.30 లోపు
- భాస్వరం 0.04 లోపు, గంధకం 0.02 లోపు
- మెగ్నీషియం 0.035–0.050
- రాగి 0.6–0.8

రాగి ఎందుకంటే, బాత్‌లో ముంచినప్పుడు లోపలి భాగం పెర్లైట్ (నెమ్మదిగా చల్లారితే వచ్చే, ఇక్కడ మనకి వద్దనుకునే నిర్మాణం) అయిపోకుండా కాపాడటానికి. ఏమీ కలపని ఇనుమైతే బాగా కలియబెట్టే బాత్‌లో కూడా సుమారు 20 మి.మీ. మందం దాకానే నమ్మకం. అది దాటితే రాగి, ఇంకా దాటితే రాగితో పాటు నికెల్ ఒకటి, ఒకటిన్నర శాతం. నికెల్ ఖరీదు, కాబట్టి ముందు రాగిని 0.8 దాకా తీసుకెళ్ళాకే దాని వైపు చూడండి.

మాలిబ్డినం కొంచెంతోనే పని చేస్తుంది కాబట్టి చాలామంది దానికే మొగ్గుతారు. అది కూడా హద్దుల్లో పోగై కార్బైడ్ కడుతుంది. మందం 40 మి.మీ. దాటే పని కాకపోతే దాని జోలికి పోవద్దని నా అభిప్రాయం.

## 4. ట్రీట్‌మెంట్, పోత

ఎస్‌జీ ఐరన్ రోజూ పోసేవాళ్ళకి ఇది కొత్త కాదు కాబట్టి ఏడీఐకి పట్టించుకోవాల్సినవే చెబుతాను.

లేడిల్ (కరిగిన లోహం పట్టే పాత్ర) ఎత్తు వెడల్పుకి రెట్టింపు ఉండాలి. అడుగున మెగ్నీషియం అల్లాయ్, దానిపైన స్టీల్ పంచింగులు కప్పి 1450–1500 దగ్గర లోహం దించండి. ట్రీట్‌మెంట్ అయిన క్షణం నుంచి గడియారం మొదలు: ఎనిమిది, పది నిమిషాల్లో ఆఖరి బాక్స్ (అచ్చు) నిండాలి. ఆలస్యమైతే మెగ్నీషియం తగ్గిపోతుంది, ఇనాక్యులెంట్ (నాడ్యూల్స్ ఎక్కువ పుట్టడానికి కలిపేది) ప్రభావం అంతకంటే ముందే తగ్గుతుంది. మామూలు ఎస్‌జీలో అలా ఆలస్యంగా నిండిన ఆఖరి రెండు బాక్సులు పాసైపోతాయి. ఏడీఐలో కావు. వాటికి గుర్తు వేసి పక్కన పెట్టండి.

ఇనాక్యులేషన్ రెండుసార్లు చేయండి: లేడిల్‌లో 0.4–0.5 శాతం, పోసేటప్పుడు ధారలో మరో 0.1 శాతం. నాడ్యూల్స్ ఎన్ని ఎక్కువుంటే వాటి మధ్య దూరం అంత తక్కువ, మాంగనీస్ పోగయ్యే చోటూ అంత తక్కువ. ధారలో ఇనాక్యులెంట్ వేయడానికి ఒక మనిషిని పెట్టాలంటే ఖర్చనిపిస్తుంది. నాకు తెలిసి ఏడీఐలో ఇంతకంటే చవకైన బీమా లేదు.

వానాకాలం ఇసుకలో తేమ రోజుకి రెండుసార్లు చూడండి. తేమ ఎక్కువైన ఇసుకలో పిన్‌హోల్స్ వస్తాయి, మెగ్నీషియం ఉన్న లోహానికి ఆ బెడద ఇంకా ఎక్కువ.

అచ్చు విప్పే సమయం కూడా ప్రతిసారీ ఒకేలా ఉంచండి. ఎర్రగా ఉండగానే దులిపేసిన కాస్టింగ్‌లో పెర్లైట్ ఎక్కువ, అచ్చులోనే నిదానంగా చల్లారినదాంట్లో ఫెరైట్ (మెత్తటి ఇనుము) ఎక్కువ. తర్వాత కొలతలు తేడా రావడానికి ఇదొక కారణం.

## 5. గేటు: ఇక్కడ పాస్ కానిది ముందుకు వెళ్ళకూడదు

ప్రతి లేడిల్ నుంచి 25 మి.మీ. వై-బ్లాక్ (పరీక్ష కోసం పోసే దిమ్మ) ఒకటి పోయండి. దానికీ ఆ లేడిల్ కాస్టింగులకీ ఒకే హీట్ నంబర్ కొట్టండి. తర్వాత ఇవి చూడండి:

- నాడ్యులారిటీ (గుండ్రంగా ఉన్న గ్రాఫైట్ వంతు) 85 శాతం పైన
- నాడ్యూల్స్ చదరపు మి.మీ.కి కనీసం 100, కుదిరితే 150
- కార్బైడ్‌లు, ఇతర మలినాలు కలిపి 0.5 శాతం లోపు
- మందం ఎక్కువున్న చోట కోసి చూస్తే ష్రింకేజ్ (గడ్డకట్టేటప్పుడు లోపల పడే ఖాళీలు) లేకపోవడం
- స్పెక్ట్రో రిపోర్టులో మాంగనీస్, క్రోమియం 2, 3 మెట్లలో చెప్పిన హద్దుల్లో

"హీట్ ట్రీట్ చేస్తే సర్దుకుంటుందిలే" అనే మాట ఈ గేటు దగ్గరే ఎక్కువ వినపడుతుంది. సర్దుకోదు. నాడ్యూల్ ఆకారం, ష్రింకేజ్, స్లాగ్, మాంగనీస్ పోగవడం, వీటిలో ఏ ఒక్కటీ 900 డిగ్రీలకి మారదు. 500 బలం దగ్గర దాక్కున్న లోపం 1050 దగ్గర బయటపడుతుంది, అంతే.

## 6. మెషీనింగ్ ముందే

డ్రిల్లింగ్, ట్యాపింగ్, రఫ్ టర్నింగ్ అన్నీ హీట్ ట్రీట్‌మెంట్‌కి ముందే అవగొట్టండి. ఏడీఐలో ఉన్న ఆస్టెనైట్ (900 దగ్గర ఏర్పడి, చల్లారాక కూడా కొంత మిగిలే నిర్మాణం) టూల్ ఒత్తిడికి అక్కడికక్కడే మార్టెన్‌సైట్‌గా మారి గట్టిపడుతుంది. మొద్దు డ్రిల్లు కోయకుండా రుద్దుతూ ఉంటే రంధ్రం అడుగు అద్దంలా మెరుస్తుంది, ఆ తర్వాత కొత్త డ్రిల్లు కూడా దిగదు.

ఆస్టెంపరింగ్‌లో కాస్టింగ్ కొంచెం ఉబ్బుతుంది. మొదట్లో ఫెరైట్ ఎక్కువుంటే ఉబ్బు ఎక్కువ, పెర్లైట్ అయితే తక్కువ. లెక్క పుస్తకాల్లో వెతక్కండి. మీ బ్రాకెట్లు కొన్ని తీసుకుని, పిన్ రంధ్రం వ్యాసం, రెండు రంధ్రాల మధ్య దూరం ముందూ వెనకా మైక్రోమీటర్‌తో కొలిచి రాసుకోండి. ఆ తేడా ప్రతి బ్యాచ్‌లో ఒకేలా వస్తుంటే రఫ్ సైజులోనే సర్దేయొచ్చు. రాకపోతే అచ్చు విప్పే సమయాన్ని అనుమానించండి.

పిన్ రంధ్రం లాంటి బిగువైన కొలతలకి 0.3–0.5 మి.మీ. వదిలి, తర్వాత కార్బైడ్ టూల్‌తో తీయండి. స్పీడ్ తగ్గించి ఫీడ్ పెంచండి, టూల్ ఎప్పుడూ కోస్తూనే ఉండాలి.

## 7. ఆస్టెనైటైజింగ్: 900 దగ్గర

కాస్టింగులు నూనె, కూలెంట్ లేకుండా కడిగి ఆరబెట్టండి. బాస్కెట్‌లో ఒకదానికొకటి ఆనకుండా పేర్చండి. ఈ కెమిస్ట్రీకి 890–900 డిగ్రీలు సరిపోతుంది.

25 మి.మీ. మందానికి 90 నిమిషాలు. గడియారం ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే ఇక్కడ తప్పు జరిగే చోటు. ప్యానెల్ మీటర్ 900 చూపించినప్పుడు కాదు, బాస్కెట్ మధ్యలో ఉన్న కాస్టింగ్ 900కి చేరినప్పుడు. ఒక పాత బ్రాకెట్‌కి రంధ్రం కొట్టి కె-టైప్ థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) దూర్చి ఒకసారి చూడండి. నిండు లోడ్‌లో మీటర్‌కీ కాస్టింగ్‌కీ గంట దాకా తేడా రావడం వింతేమీ కాదు.

ఉష్ణోగ్రత ఇంకా పెంచితే త్వరగా అవుతుందనుకోవద్దు. 930కి వెళ్తే ఆస్టెనైట్‌లో కార్బన్ పెరిగి, తర్వాత బాత్‌లో మార్పు నెమ్మదిస్తుంది.

పైపొర కాలిపోకుండా కాస్టింగుల చుట్టూ బొగ్గు నింపడం కొందరికి అలవాటు. ఏడీఐలో ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఆ బొగ్గు ముక్క నైట్రేట్ బాత్‌లో పడితే పేలుతుంది.

మధ్యలో కరెంటు పోతే? కాస్టింగ్ 850 కిందికి పడితే మళ్ళీ 900కి తెచ్చి, పట్టి ఉంచే సమయం మొదటి నుంచి లెక్కపెట్టండి. ఈ దశలో మళ్ళీ మొదలుపెట్టినా నష్టం లేదు. బాత్‌లో ముంచాక మాత్రం ఆ అవకాశం ఉండదు.

## 8. కొలిమి నుంచి బాత్‌లోకి, బాత్‌లో

బ్యాచ్ భవిష్యత్తు తేలేది ఈ కొద్ది సెకన్లలో. కొలిమి తలుపు తెరిచిన దగ్గర్నుంచి కాస్టింగ్ పూర్తిగా ఉప్పులో మునిగేదాకా పది సెకన్లు దాటకూడదని పెట్టుకోండి. ముందు ఖాళీ బాస్కెట్‌తో, చల్లటి కొలిమితో రిహార్సల్ చేయించండి. హాయిస్ట్ దారికి అడ్డంగా ట్రాలీ ఉందా, కొక్కెం ఒక్కసారికే తగులుతోందా అన్నవి అప్పుడే తెలుస్తాయి.

బాత్‌లో ఎంత ఉప్పుండాలి? లెక్క ఇది. 900 నుంచి 370కి చల్లారడంలో ఒక కిలో కాస్టింగ్ సుమారు 340 కిలోజౌళ్ళ వేడి వదులుతుంది. ఒక కిలో ఉప్పు ఒక డిగ్రీ పెరగడానికి 1.5 కిలోజౌళ్ళు తీసుకుంటుంది. బాత్ 10 డిగ్రీలకి మించి పెరగకూడదంటే, కిలో కాస్టింగ్‌కి 20–25 కిలోల ఉప్పు కావాలి. ఆరు కిలోల బ్రాకెట్లు ఎనిమిది వేశారంటే 48 కిలోలు, అంటే టన్ను పైన ఉప్పు. బూరెల మూకుడులో ఒకేసారి ఎక్కువ వేస్తే నూనె చల్లబడుతుంది. ఇక్కడ అదే పని చేస్తే బాత్ వేడెక్కుతుంది, మీరు 1050 గ్రేడ్ అనుకున్నది 900 గ్రేడ్ అయి కూర్చుంటుంది.

ఉప్పు కదులుతూ ఉండాలి. స్టిర్రర్ లేని బాత్‌లో కాస్టింగ్ చుట్టూ ఉన్న ఉప్పు వేడెక్కి అక్కడే నిలిచిపోతుంది. 12 మి.మీ. రెక్క బాగుంటుంది, 25 మి.మీ. మెడ లోపల పెర్లైట్ అవుతుంది. అసలు బరువు పడేది ఆ మెడ మీదే.

ఎంతసేపు ఉంచాలి? 360–380 దగ్గర గంటన్నర, రెండు గంటలు. 300 దగ్గర రెండు నుంచి మూడు గంటలు, ఇది మొదలుపెట్టడానికి. సరైన సమయం మీ ఇనుము చెప్పాలి, ఎందుకంటే బాత్‌లో మార్పు రెండు దశల్లో జరుగుతుంది.

మొదటి దశలో సన్నటి ఫెరైట్ సూదులు పెరుగుతూ, వాటి మధ్య మిగిలిన ఆస్టెనైట్‌లోకి కార్బన్‌ని నెడతాయి. ఆ ఆస్టెనైట్ గది ఉష్ణోగ్రతకి వచ్చినా మారకుండా నిలబడుతుంది. మనకి కావలసింది ఇదే, దీన్నే ఆస్‌ఫెరైట్ అంటారు. అది పూర్తికాకముందే తీస్తే మిగిలింది మార్టెన్‌సైట్ అవుతుంది. మరీ ఎక్కువసేపు ఉంచితే రెండో దశ మొదలై, ఆస్టెనైట్ విడిపోయి కార్బైడ్ వస్తుంది, మళ్ళీ పెళుసు. రెండింటి మధ్య ఉన్న ఖాళీయే మీ కిటికీ. మాంగనీస్ ఎక్కువున్న ఇనుములో హద్దుల దగ్గర మొదటి దశ పూర్తికాకముందే నాడ్యూల్స్ దగ్గర రెండో దశ మొదలవుతుంది. అప్పుడు ఏ సమయానికి తీసినా తప్పే.

కిటికీ కనుక్కునే పద్ధతి:

1. ఒకే లేడిల్ నుంచి వచ్చిన 25 మి.మీ. ముక్కలు ఆరు తీసుకోండి.
2. అన్నీ ఒకేసారి 900 నుంచి బాత్‌లోకి వేయండి.
3. 30, 60, 90, 120, 180, 240 నిమిషాలకి ఒక్కొక్కటి తీసి గాలిలో చల్లార్చండి.
4. ప్రతిదానికీ హార్డ్‌నెస్, గాటు పెట్టని చార్పీ ఇంపాక్ట్ (దెబ్బ కొట్టి విరగగొట్టే పరీక్ష) చూడండి.
5. హార్డ్‌నెస్ మొదట ఎక్కువుండి, దిగి, నిలకడగా నడుస్తుంది. ఇంపాక్ట్ పెరిగి, నిలబడి, చివర్లో పడుతుంది.
6. రెండూ నిలకడగా ఉన్న మేర మధ్యలో ఉన్న సమయాన్ని ఎంచుకోండి.

ఒక రోజు పని. కెమిస్ట్రీ మారితే మళ్ళీ చేయాలి.

## 9. ఉప్పుతో జాగ్రత్త

వాడేది నైట్రేట్, నైట్రైట్ ఉప్పుల మిశ్రమం. దానంతటది మండదు, కానీ మండే ప్రతిదానికీ ఆక్సిజన్ అందిస్తుంది. ఈ లిస్ట్ బాత్ పక్క గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి:

- తడి బాస్కెట్, తడి పట్టకారు, చెమ్మగిల్లిన ఉప్పు బాత్‌లోకి వెళ్ళకూడదు. ఉప్పు కిందికి చేరిన నీళ్ళు ఆవిరై బాత్‌ని పైకి చిమ్ముతాయి.
- నూనె, గుడ్డపేలికలు, రంపపు పొట్టు, బొగ్గు, సైనైడ్ ఉప్పు దగ్గర్లోనే ఉండకూడదు.
- మెగ్నీషియం అల్లాయ్ డబ్బాలు, అల్యూమినియం పొడి వేరే గదిలో.
- ఆయిల్ క్వెంచ్ ట్యాంక్ బాత్ పక్కన పెట్టొద్దు.
- రెండో థర్మోకపుల్, దానికి వేరే కట్-ఆఫ్. మన పని 400 లోపే, కాబట్టి 450కి హీటర్లు ఆగిపోవాలి.
- మంట వస్తే పొడి ఇసుక. నీళ్ళు కొట్టొద్దు.
- ఫేస్ షీల్డ్, లెదర్ ఏప్రాన్, పొడవు చేతి తొడుగులు. మే నెల ఎండలో విజయవాడలో ఇవి వేసుకోమంటే అందరూ మొహం ముడుస్తారు. షిఫ్ట్ తెల్లవారుజామున పెట్టండి గానీ వీటిని వదలొద్దు.

బాత్ ఆపి గడ్డకట్టాక మళ్ళీ కరిగించేటప్పుడు అడుగు ముందు కరిగి, పైన గడ్డ మూతలా ఉండిపోతే లోపల ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా చిమ్ముతుంది. గడ్డకట్టకముందే అడుగుదాకా స్టీల్ రాడ్ నిలబెట్టి వదిలేయండి. తిరిగి వేడి చేసేటప్పుడు రాడ్ పక్క నుంచి దారి దొరుకుతుంది.

## 10. తీయడం, కడగడం

సమయం పూర్తయ్యాక గాలిలో గది ఉష్ణోగ్రతకి చల్లార్చి, వేడి నీళ్ళలో కడగండి. మూసుకున్న రంధ్రాల్లో ఉప్పు మిగిలితే తుప్పు పడుతుంది. కడిగిన నీళ్ళలో నైట్రైట్ ఉంటుంది, డ్రైనేజీలోకి వదిలితే అది చివరికి చేరేది కాలువల్లోకే. ఆ నీటిని మరిగించి ఇగరబెట్టి ఉప్పు తిరిగి తీసుకోండి.

## 11. పరీక్ష

ప్రతి బ్యాచ్‌తో పాటు దాని వై-బ్లాక్‌నీ అదే బాస్కెట్‌లో ట్రీట్ చేసి, దాని నుంచే టెన్సైల్ బార్ తీయండి. గాటు పెట్టని ఇంపాక్ట్‌కి కనీసం 900 గ్రేడ్‌కి 100 జౌళ్ళు, 1050కి 80, 1200కి 60.

హార్డ్‌నెస్ ఒక్కటే చూసి పంపేయొద్దు. కిటికీకి ముందు తీసినదీ, దాటిపోయినదీ కూడా హార్డ్‌నెస్‌లో హద్దుల్లోనే ఉండొచ్చు. తేడా చెప్పేవి సాగుదల, ఇంపాక్ట్.

## 12. తప్పు జరిగితే ఎక్కడ వెతకాలి

హార్డ్‌నెస్ ఎక్కువ, సాగుదల ఒకటీ రెండు శాతమే. మార్టెన్‌సైట్. 2 శాతం నైటాల్‌తో (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ యాసిడ్) ఎచ్ చేసి నాడ్యూల్స్ మధ్య హద్దులు చూడండి. హద్దుల్లోనే ఉంటే మాంగనీస్, లేదా నాడ్యూల్స్ తక్కువ. అంతటా ఉంటే బాత్‌లో సమయం చాలలేదు.

పైన బాగుంది, మధ్యలో నల్లటి మచ్చలు. పెర్లైట్. ముందు కొలిమి నుంచి బాత్‌కి మార్చే సమయం చూడండి, తర్వాత స్టిర్రర్, తర్వాత లోడ్ బరువు. మూడూ సరిగా ఉంటేనే రాగి, నికెల్ పెంచండి. చాలామంది ఈ వరసని తిరగేసి, స్టిర్రర్ బెల్ట్ జారుతుంటే నికెల్ కొంటారు.

బలం తక్కువ, సాగుదలా తక్కువ. హీట్ ట్రీట్‌మెంట్‌ని వదిలేసి విరిగిన ముఖాన్ని చూడండి. ష్రింకేజ్, స్లాగ్, వంకర గ్రాఫైట్, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఒకే బాస్కెట్‌లో పైవరస ఒకలా, కిందివరస ఒకలా. ఒకదానిమీద ఒకటి పేర్చారు, లేదా ఉప్పు కదలడం లేదు.

కొలతలు బ్యాచ్‌కో రకం. అచ్చు విప్పే సమయం, రాగి శాతం.

మార్టెన్‌సైట్, పెర్లైట్ సమస్యలకి మళ్ళీ 900కి తీసుకెళ్ళి మొత్తం చేయొచ్చు. కొలతలు ఇంకొంచెం మారతాయి, ఫినిష్ మెషీనింగ్ అయిపోయిన వాటికి కుదరదు.

## 13. సొంత బాత్ కొనాలా?

మొదటి ఏడాది వద్దు. సాల్ట్ బాత్ జాబ్ వర్క్ చేసేవాళ్ళకి పంపండి, డబ్బు స్పెక్ట్రో మీదా ఇనాక్యులేషన్ మీదా పెట్టండి. కాస్టింగ్ నిలకడగా రానివాడికి సొంత బాత్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. జాబ్ వర్క్ యూనిట్‌ని ఇవి అడగండి:

- బాత్‌లో ఉప్పు ఎంత, ఒక లోడ్ ఎంత?
- లోడ్ ముంచాక బాత్ ఎన్ని డిగ్రీలు పెరుగుతుంది? చార్ట్ చూపిస్తారా?
- కొలిమి నుంచి బాత్‌కి ఎన్ని సెకన్లు?
- నా వై-బ్లాక్ నా కాస్టింగులతోనే వెళ్తుందా?

రెండో ప్రశ్నకి "పెద్దగా పెరగదండీ" అనే జవాబు వస్తే వేరే యూనిట్ చూసుకోండి.

## 14. డ్రాయింగ్ మీద, ఇన్వాయిస్ మీద రాయాల్సినవి

కాస్టింగ్ మీ గేటు దాటాక దాన్ని పాడుచేసే అవకాశాలు చాలానే ఉన్నాయి. బాడీ బిల్డింగ్ షెడ్డులో వెల్డర్ చేతిలో పడితే ఐదు నిమిషాల పని. అందుకే కొనేవాళ్ళకి రాసి ఇవ్వండి:

- వెల్డింగ్ చేయరాదు, గ్యాస్ కటింగ్‌తో రంధ్రం వెడల్పు చేయరాదు. బోల్ట్ బిగించి వాడాలి.
- హాట్ డిప్ గాల్వనైజింగ్ చేయరాదు. ఆ జింకు 450 డిగ్రీలుంటుంది, ఆస్‌ఫెరైట్ అక్కడే విడిపోతుంది. 200 డిగ్రీల పౌడర్ కోటింగ్ చేయొచ్చు.
- పనిలో వేడెక్కే చోట, ఆస్టెంపర్ చేసిన ఉష్ణోగ్రత కంటే కనీసం 60 డిగ్రీలు తక్కువలోనే వాడాలి.
- వంగిన భాగాన్ని వేడి చేసి సరిచేయరాదు, మార్చాలి.
- గ్రేడ్, హీట్ నంబర్, బ్యాచ్ నంబర్ కాస్టింగ్ మీదే, పెయింట్ వేసినా కనపడేలా.